మలేరియా లేదన్నారు, డెంగ్యూ లేదన్నారు, జ్వరం మాత్రం దిగట్లేదు: ఒంటి మీద నల్ల పక్కు వెతకడం ఎలా

వానలు పడ్డ దగ్గర్నుంచి చలి ముదిరేదాకా మా గుణుపురం (ఒడిశా, రాయగడ జిల్లా) వైపు మందుల షాపు కౌంటర్ దగ్గర రోజూ వినబడే మాట ఇదే. "అన్నా, ఆశా దీదీ వేలు పొడిచి చూసింది, మలేరియా లేదంది. టౌన్‌లో డెంగ్యూ టెస్ట్ చేయించాం, అదీ లేదన్నారు. ఐదు రోజులైంది, జ్వరం కొట్టేస్తానే ఉంది, ఏం మాత్ర ఇస్తావ్?" పర్లాకిమిడి వాళ్ళు అడుగుతారు, రాయగడ వాళ్ళు అడుగుతారు, ఇటు పార్వతీపురంలో ఉన్న చుట్టాలు ఫోన్ చేసి అడుగుతారు. ప్రతివాళ్ళకీ విడివిడిగా చెప్పే బదులు ఒకేచోట రాసేస్తున్నా. మాత్ర పేరు చెప్పే ముందు నేను అడిగేది ఒక్కటే, ఒళ్ళంతా చూశారా? బట్టలు తీసి, లైటు వేసి, చంకలు, గజ్జలు, అన్నీ? నూటికి తొంభై మంది చూసుండరు. చూస్తే చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

ఆ జవాబు పేరు స్క్రబ్ టైఫస్. పేరులో టైఫస్ ఉంది కదా అని టైఫాయిడ్ అనుకోకండి, రెండిటికీ సంబంధం లేదు. ఓరియెన్షియా సుట్సుగముషి అనే బాక్టీరియా వల్ల వస్తుంది. పొదల్లో, గడ్డిలో ఉండే చాలా చిన్న నల్లిజాతి పురుగు, అందులోనూ దాని పిల్ల పురుగు, కుడితే ఒంట్లోకి ఎక్కుతుంది. కుట్టినట్టు తెలీదు, ఆ పురుగు కంటికి సరిగ్గా ఆనదు కూడా. కానీ కొందరికి కుట్టిన చోట నల్ల పక్కు కడుతుంది, మనం వెతికేది దాన్నే. కుట్టిన 6 నుంచి 21 రోజుల్లోపు జ్వరం మొదలవుతుంది, కాబట్టి "నిన్న తోటకి వెళ్ళాడు, ఇవాళ జ్వరం" అనే లెక్క ఇక్కడ పనికిరాదు, రెండు మూడు వారాల వెనక్కి వెళ్ళి గుర్తు చేసుకోవాలి. మందు లేకుండా వదిలేస్తే ఈ బాక్టీరియా సన్నటి రక్తనాళాల లోపలి పొరలో కూర్చుని వాటిని పాడుచేస్తుంది, నాళాల్లోంచి నీరు బయటికి కారుతుంది, అందుకే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు, గుండె ఏదైనా దెబ్బతినొచ్చు. థియరీ ఇంతే, ఇంక పనిలోకి వెళ్దాం.

ముందు ఒక హెచ్చరిక. ఈ కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా పక్కు వెతుకుతూ కూర్చోకండి, 108కి ఫోన్ చేసి నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళండి, మిగతా వెతుకులాట అక్కడ డాక్టర్లు చేస్తారు:

- ఆయాసం. పెద్దవాళ్ళైతే నిమిషానికి 22 సార్లు, అంతకన్నా ఎక్కువ ఊపిరి తీస్తుంటే. ఏడాది దాటి ఐదేళ్ళ లోపు పిల్లలకి 40, రెండు నెలల నుంచి ఏడాది లోపు వాళ్ళకి 50 తాకితే
- మాట తడబడటం, మనిషిని పోల్చుకోలేకపోవడం, ఎప్పుడూ మగతగా ఉండటం, ఫిట్స్
- మెడ బిగుసుకుపోయి గడ్డం ఛాతీకి ఆనించలేకపోవడం
- పొద్దున్నించి సాయంత్రం దాకా ఒంటేలు సరిగ్గా రాకపోవడం
- చేతులూ కాళ్ళూ చల్లబడి, నిలబడితే కళ్ళు తిరగడం, బీపీ పై అంకె 100 కిందకి పడిపోవడం
- కళ్ళు పచ్చబడటం, ఎక్కడైనా రక్తం కారడం
- మూడు నెలల లోపు పసిబిడ్డకి ఏ జ్వరమైనా, గర్భిణికి దిగని జ్వరమైనా

ఇవన్నీ స్క్రబ్‌లోనే కాదు, ఏ బాక్టీరియా ఇన్ఫెక్షన్ అయినా రక్తానికెక్కి ముదిరితే కనబడేవే. కాబట్టి పేరేదైనా పరుగు మాత్రం ఒకటే.

కావాల్సినవి

డిజిటల్ థర్మామీటర్, మంచి టార్చ్ (ఫోన్ లైటు చాలు), సెకన్ల ముల్లున్న గడియారం లేదా ఫోన్, ఒక కాగితం పెన్ను, తలుపు మూసుకునే గది. ఆడవాళ్ళని ఆడవాళ్ళే చూడాలి, మగవాళ్ళని మగవాళ్ళే చూడాలి. సిగ్గు వల్లే ఈ పక్కు చాలా కేసుల్లో తప్పిపోతుంది. ఆసుపత్రిలో కూడా రద్దీలో డాక్టర్ చొక్కా పైకెత్తి స్టెతస్కోప్ పెట్టి పంపేస్తారు, చీర కింద, లుంగీ కింద ఎవరూ చూడరు. అందుకే ఇంట్లో చూసుకుని వెళ్ళమంటున్నా.

1. జ్వరానికి లెక్క రాయండి

జ్వరం మొదలైన తేదీ కాగితం మీద పైన రాయండి. రోజుకి నాలుగు సార్లు థర్మామీటర్ పెట్టి టైమూ అంకే రాయండి, పారాసిటమాల్ వేసే ముందే చూడండి. వేసిన గంటకి చూసి "తగ్గిపోయింది" అనుకోవడం అందరూ చేసే పని. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే జ్వరం కిందే లెక్క.

ఐదు రోజులు, అంతకన్నా ఎక్కువ ఉన్న జ్వరం, కారణం తెలియకపోతే స్క్రబ్ అని అనుమానించాలని దేశ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ వాళ్ళ 2015 గైడ్‌లైన్స్‌లోనే ఉంది. నల్ల పక్కు కనబడిందా, ఐదు రోజులు కూడా ఆగక్కర్లేదు, రెండో రోజైనా సరే స్క్రబ్ అనే చూడాలి.

2. గత మూడు వారాల్లో ఎక్కడెక్కడ తిరిగారో గుర్తు చేసుకోండి

పోడు చేను, జీడితోట కింద చెత్త నరకడం, పశువులకి గడ్డి కోయడం, కట్టెలకి కొండెక్కడం, వరి కోతలు, పొదల చాటుకి బయటికి వెళ్ళడం, గడ్డిలో కూర్చోవడం. ఇంటి పనే చేస్తాం అనేవాళ్ళూ తప్పించుకోలేరు, పెరట్లో పొదలున్నా, ఉతికిన బట్టలు కంచె మీదో గడ్డి మీదో ఆరేసినా చాలు. తిరిగిన చోటు దొరకలేదని స్క్రబ్ కాదనుకోవద్దు, దొరికితే మాత్రం కాగితం మీద రాయండి.

3. పై నుంచి కిందకి వెతకండి

అసలు పని ఇదే, తొందరపడకండి. పదిహేను నిమిషాలైనా పెట్టండి. ఈ పురుగు ఒంటి మీద పాకుతూ పోయి పల్చటి చర్మమో, చెమట పట్టే మడతో, బట్ట బిగుతుగా ఉన్న చోటో చూసుకుని కుడుతుంది, కాబట్టి మీరు వెతకాల్సినవీ అవే:

తలలో జుట్టు పాయలు తీసి (పిల్లలకి తప్పకుండా), చెవుల వెనక, మెడ చుట్టూ, చంకల్లో చేయి పూర్తిగా పైకెత్తించి, రొమ్ముల కింద మడత ఎత్తి, బొడ్డులో, చీర కుచ్చిళ్ళు లేదా లంగా బొందు బిగించే చోట, మొలతాడు కింద, గజ్జల్లో, మర్మస్థానంలో వృషణాల వెనక్కి కూడా, పిరుదుల మధ్య, మోకాళ్ళ వెనక, చీలమండల దగ్గర. వీపు వాళ్ళకి కనబడదు కాబట్టి పక్కవాళ్ళు చూడాలి. మగవాళ్ళకి ఎక్కువగా చంకలు, గజ్జలు, మర్మస్థానంలోనూ, ఆడవాళ్ళకి ఎక్కువగా ఛాతీ, పొట్ట మీదా దొరుకుతుంది. అలాగని మిగతా చోట్లు వదిలేయకండి.

ఎలా ఉంటుందంటే, బీడీ నిప్పు అంటుకుంటే మాడిపోయి నల్లగా పక్కు కడుతుందే, అచ్చం అలా. గుండ్రంగానో కోలగానో, అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు, ఒక్కోసారి ఇంకొంచెం పెద్దగా. చుట్టూ ఎర్రటి అంచు ఉంటుంది, మనలాంటి చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు సరిగ్గా కనబడదు, దాని కోసం చూడకండి. ముఖ్యమైన గుర్తు వేరే ఉంది: నొప్పి ఉండదు, దురద ఉండదు. అందుకే రోగికి అది ఉన్నట్టే తెలీదు. "ఏమైనా పుండుందా?" అని అడిగితే లేదంటారు. అడగడం కాదు, మీ కళ్ళతో చూడాలి.

ఇంకో మెలిక. చంకలో, గజ్జల్లో, వృషణాల మీద ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి నల్ల పక్కు కట్టకుండా పసుపు తెలుపుగా చిన్న లోతు పుండులా ఉండిపోవచ్చు. నల్లగా లేదని వదిలేస్తే అంతే సంగతులు. సాధారణంగా ఒకటే ఉంటుంది, అరుదుగా రెండు మూడు.

పక్కు దొరికితే దానికి దగ్గర్లో చంకలోనో గజ్జలోనో మెడలోనో వేలితో నొక్కి చూడండి, బిళ్ళ కట్టి ఉంటే, నొక్కితే నొప్పి ఉంటే, అనుమానం ఇంకా బలపడుతుంది. తిరగేసి కూడా చేయొచ్చు, ముందు బిళ్ళ తగిలితే ఆ చుట్టుపక్కల పక్కు కోసం ఇంకోసారి వెతకండి.

పొరబడేవి: చీము పట్టి సలుపుతుంటే అది గడ్డ. విపరీతంగా దురద పెడితే గజ్జో ఇంకేదో పురుగు కాటో. జలగ కుట్టిన చోటు కూడా కొన్నాళ్ళు నల్లగా ఉంటుంది. కొండ ఊళ్ళల్లో జ్వరానికీ కడుపునొప్పికీ వాతలు పెట్టించుకుంటారు చూడండి, ఆ కాలిన మచ్చ పైకి ఇలాగే ఉండి తికమక పెడుతుంది, ఎప్పుడు పెట్టించారో అడిగితే తేలిపోతుంది.

చేయకూడనివి: గీకకండి, పక్కు పీకకండి, పసుపు, సున్నం, ఆకు పసరు ఏదీ రాయకండి. డాక్టర్ దాన్ని ఉన్నది ఉన్నట్టు చూడాలి, అవసరమైతే దాని నుంచే పీసీఆర్ పరీక్షకి శాంపిల్ తీస్తారు. మర్యాదైన చోటైతే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. మర్మస్థానం ఫోటోలు తీసి కుటుంబం గ్రూపుల్లో పెట్టకండి బాబూ.

పక్కు దొరకలేదా? అయినా స్క్రబ్ కాదని కాదు. చాలామందికి పక్కు ఉండనే ఉండదు, ఉన్నా కనబడదు. అప్పుడు వీటిని చూడండి: విపరీతమైన తలనొప్పి, ఒళ్ళునొప్పులు, కళ్ళు ఎర్రబడి ఉండటం, పొడిదగ్గు, వాంతులు, కడుపునొప్పి, పొట్ట మీద ఛాతీ మీద రెండు మూడు రోజులు కనబడి మాయమైపోయే సన్నటి దద్దు. ఇవి ఎన్నో జ్వరాల్లో ఉండేవే, అందుకే కాగితం మీద రాయండి, తేల్చే పని డాక్టర్‌ది.

4. డాక్టర్ దగ్గర ఏం చెప్పాలి

దగ్గర్లోని సర్కారు ఆసుపత్రి (సీహెచ్‌సీ) అయినా, రాయగడ జిల్లా ఆసుపత్రి డీహెచ్‌హెచ్ అయినా, బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ అయినా, అటు శ్రీకాకుళం, విశాఖ వెళ్ళినా, మీ కాగితం చూపించి ఒక్క ముక్క చెప్పండి: "సార్, ఇది ఆరో రోజు జ్వరం, మలేరియా నెగటివ్, మూడు వారాల కింద జీడితోటలో పని చేశాడు, ఇదిగో ఇక్కడ నల్లగా పక్కు ఉంది, స్క్రబ్ టైఫస్ అయ్యుంటుందా?" ఇంత చాలు. డాక్టర్‌కి పాఠం చెప్పకండి, అడగండి. వేసిన మందులన్నీ, ఆర్‌ఎంపీ పొడిచిన సూదులతో సహా, ఖాళీ షీట్లు పట్టుకెళ్ళి చూపించండి.

5. టెస్టులు, వాటిని చదవడంలో తప్పులు

- ఐజీఎం ఎలైసా, అంటే రక్తంలో స్క్రబ్ యాంటీబాడీ చూసే పరీక్ష. దీనికి ఎక్కువగా వాడేది ఇదే. మొదటి ఐదారు రోజుల్లో చేయిస్తే నెగటివ్ రావచ్చు, ఒంట్లో యాంటీబాడీ ఇంకా తయారవ్వదు కదా. మూడో రోజు నెగటివ్ వచ్చింది కాబట్టి స్క్రబ్ కాదు అనేది పెద్ద తప్పు. అన్ని చోట్లా చేయరు, వెళ్ళే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.
- వైల్ ఫెలిక్స్. పాత పరీక్ష, చవక. ఇందులో ఓఎక్స్-కె అనే గడి చూడాలి. నెగటివ్ వస్తే నమ్మడానికి లేదు.
- విడాల్, టైఫాయిడ్ కోసం చేసే రక్త పరీక్ష. మా వైపు అన్ని అనర్థాలకీ మూలం ఇదే అంటాను. ఏ జ్వరానికి చేయించినా 1:80 అని ఏదో ఒక అంకె వస్తుంది, వెంటనే టైఫాయిడ్ అని వారం రోజులు సెఫ్ట్రియాక్సోన్ సూదులు పడతాయి. సెఫ్ట్రియాక్సోన్, సెఫిక్సిమ్, అమాక్సిసిలిన్ ఇవేవీ స్క్రబ్ మీద పనిచేయవు, ఆ బాక్టీరియా కణం లోపల దాక్కుంటుంది, దాని గోడ కూడా ఈ మందులు దెబ్బకొట్టే రకం కాదు. "సూదులు పడుతున్నాయి కదా" అని ఇంట్లోవాళ్ళు ధైర్యంగా ఉంటారు, లోపల రోగం ముదిరిపోతుంటుంది.
- ప్లేట్‌లెట్లు. స్క్రబ్‌లోనూ తగ్గుతాయి. తగ్గగానే డెంగ్యూ అని బొప్పాయి ఆకు రసం పట్టించడం మొదలుపెడతారు, ఆ వాంతుల్లో ఉన్నవాడికి అదొక శిక్ష. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే లివర్ అంకెలు కూడా పెరుగుతాయి. క్రియాటినిన్ తప్పకుండా చూడమనండి, కిడ్నీ సంగతి అందులో తెలుస్తుంది.
- మలేరియా ఉంటే స్క్రబ్ ఉండదని లేదు. రెండూ ఒకేసారి ఉండొచ్చు, మలేరియా మందు పూర్తయ్యాక కూడా జ్వరం కొడుతుంటే మళ్ళీ మొదటికి రండి.

అనుమానం గట్టిగా ఉంటే రిపోర్ట్ వచ్చేదాకా ఆగకుండా మందు మొదలుపెట్టమనే గైడ్‌లైన్స్ చెబుతాయి. కాబట్టి రిపోర్ట్ రాకముందే డాక్టర్ మందు రాస్తే "టెస్ట్ లేకుండా మందేంటి" అని గొడవ పడకండి, ఆయన సరిగ్గానే చేస్తున్నారు.

6. మందు, దాన్ని మింగే పద్ధతి

పెద్దవాళ్ళకి మామూలుగా రాసేది డాక్సీసైక్లిన్ 100 ఎంజీ, పొద్దున ఒకటి రాత్రి ఒకటి, 7 రోజులు. గర్భిణులకి అజిత్రోమైసిన్ రాస్తారు. పిల్లలకి బరువుని బట్టి, డాక్టరే లెక్కేయాలి, పెద్దవాళ్ళ మాత్ర సగం విరిచి ఇవ్వడం లాంటివి చేయకండి. చవకైన మందు, సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా మందులిచ్చే నిరామయ కౌంటర్‌లో అడిగి చూడండి. రోగం ముదిరి ఐసీయూ దాకా వెళ్ళినవాళ్ళకి నరంలోకి డాక్సీ, అజిత్రో రెండూ కలిపి ఇస్తే ఒక్కదానికన్నా మేలని మన దేశంలోనే చేసిన స్టడీ 2023లో బయటికొచ్చింది, అది ఆసుపత్రి సంగతి, ఇంట్లో రెండూ కలిపి మింగమని కాదు.

డాక్సీ మింగేటప్పుడు నిటారుగా కూర్చుని, ఏదన్నా తిన్నాక, నిండు గ్లాసు నీళ్ళతో మింగాలి, అరగంట దాకా పడుకోకూడదు. గుక్కెడు నీళ్ళతో మింగి పడుకుంటే అన్నవాహికలో ఇరుక్కుని పుండు చేస్తుంది, ఛాతీ మంటతో మళ్ళీ మా కౌంటర్‌కే వస్తారు. పాలు, ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు, గ్యాస్ మందు వీటితో కలిపి వేయకండి, రెండు మూడు గంటలు తేడా పెట్టండి. ఆ వారం ఎండలో ఎక్కువ తిరిగితే చర్మం కమిలిపోతుంది. మింగిన కాసేపటికే వాంతి అయిపోతే, ఏదీ ఇమడకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి, నరంలోకి ఇవ్వాల్సి ఉంటుంది.

జ్వరానికి పారాసిటమాల్ చాలు. డైక్లో (డైక్లోఫెనాక్) అనే నొప్పి సూది వద్దు, డెంగ్యూ కాదని తేలలేదు, కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలీదు. ఇంకొకటి, డెక్సా, అంటే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్. కొంతమంది గ్లాసులో మంత్రం వేసినట్టు సెలైన్‌లో డెక్సా కలిపేస్తారు, ఆ రాత్రికి జ్వరం దిగిపోతుంది, మనిషి లేచి అన్నం తింటాడు, "భలే హస్తవాసి" అంటారు, రెండ్రోజులకి రెట్టింపై తిరిగొస్తుంది. సెలైన్ ఎక్కించే ముందు అందులో ఏం కలుపుతున్నారో అడగండి, అడిగే హక్కు మీకుంది.

7. పనిచేస్తోందా లేదా ఎలా తెలుస్తుంది

మొదటి రోజు రాసిన కాగితం ఇప్పుడు పనికొస్తుంది. డాక్సీ మొదలైన 48 గంటల్లో చాలామందికి జ్వరం దిగిపోతుంది. అంత త్వరగా దిగడమే ఇది స్క్రబ్ అనడానికి ఇంకో సాక్ష్యం. చూడాల్సినవి: పారాసిటమాల్ వేయకపోయినా జ్వరం రాకుండా ఉందా, తలనొప్పి తగ్గిందా, ఆకలి వేస్తోందా, ఒంటేలు బాగా వస్తోందా. మూడో రోజుకి కూడా జ్వరం అలాగే ఉంటే రెండిట్లో ఒకటి, రోగం వేరేదైనా అయ్యుండాలి, లేదా ఏదో అవయవం దెబ్బతింటుండాలి, ఇంట్లో ఉండకుండా మళ్ళీ వెళ్ళండి. జ్వరం తగ్గి ఆయాసం మొదలైనా అంతే, తగ్గింది కదా అని ఊరుకోవద్దు.

రెండో రోజుకే బాగైపోయిందని మాత్రలు ఆపేసేవాళ్ళు కోకొల్లలు. డాక్టర్ రాసిన రోజులన్నీ పూర్తి చేయండి, ఆపితే తిరగబెట్టొచ్చు. నీరసం మాత్రం ఒకట్రెండు వారాలు ఉంటుంది, అది మామూలే. పక్కు దానంతటదే ఊడిపోతుంది, ఆయింట్‌మెంట్ ఏమీ అక్కర్లేదు. తగ్గాక "చూసుకుందాం" అని మళ్ళీ ఐజీఎం చేయించకండి, నెలల తరబడి పాజిటివ్‌గానే ఉండొచ్చు, డబ్బూ పోతుంది కంగారూ మిగులుతుంది.

తరచుగా అడిగేవి, చకచకా

ఇది మనిషి నుంచి మనిషికి అంటదు. కంచం, మంచం వేరు చేయక్కర్లేదు, పసిబిడ్డకి తల్లి పాలివ్వొచ్చు, కానీ ఆవిడ వేసుకునే మందు సంగతి డాక్టర్‌కి చెప్పాలి. అయితే ఇంట్లో అందరూ అదే తోటకి వెళ్ళుంటే మిగతావాళ్ళకీ రావచ్చు, జ్వరం తగిలిన రోజే వాళ్ళ ఒళ్ళూ చూడండి.

ఒకసారి వస్తే మళ్ళీ రాదా? వస్తుంది. ఈ బాక్టీరియాలో రకాలు చాలా ఉన్నాయి, ఒకదానికి వచ్చిన రక్షణ ఇంకోదానికి పనిచేయదు. టీకా లేదు.

రాకుండా ఏం చేయాలంటే, పొదల్లో పనికి వెళ్ళేటప్పుడు నిండు చేతుల చొక్కా, ప్యాంటు అంచు సాక్సులోకి దూర్చి వెళ్ళడం, గడ్డి మీద నేరుగా కూర్చోకుండా గోనె సంచో పట్టానో వేసుకోవడం, బట్టలు తాడు మీదే ఆరేయడం, ఇంటి చుట్టూ పొదలు కొట్టేయడం, ఎలుకలు చేరకుండా చూసుకోవడం. దోమల క్రీములో డీట్ ఉన్నది దొరికితే చీలమండలకీ నడుముకీ రాసుకోండి. అన్నిటికన్నా తేలికైనది, తోట నుంచి రాగానే టీ తాగే ముందే ఆ బట్టలు విప్పి వేడినీళ్ళలో నానేసి, ఒళ్ళంతా సబ్బుతో గట్టిగా రుద్ది స్నానం చేయడం. ఆ బట్టలు మంచం మీద మాత్రం పడేయకండి.